చేగోడీలూ, తీగ కట్టిన పళ్ళూ

అక్షరాలు అరవై దాటాక నేర్చుకున్నాను. డొంకతిరుగుడుగా రాయడం చేతకాదు. మనవరాలి పళ్ళు చూసి కుళ్ళుకున్నాను, అంతే సంగతి.

మా ఇంట్లో ఎత్తు పళ్ళు ఇద్దరికే, నాకూ దానికీ. మా అమ్మాయికి వాళ్ళ నాన్న పలువరస వచ్చింది. ఇక్కడ అమెరికాలో, ఫ్రిస్కోలో పుట్టిన ఈ పిల్లకి మాత్రం నా నోరే దిగింది. నవ్వొస్తే నేను కొంగు అడ్డం పెట్టుకుంటాను, అది స్వెట్‌షర్ట్ చెయ్యి పెట్టుకునేది. చూసి లోపల మురిసిపోయేదాన్ని.

పన్నెండో ఏట దానికి పళ్ళు సర్దే బ్రేసెస్ వేయించారు. పళ్ళ డాక్టరమ్మ గదిలో అద్దాల బీరువా నిండా పాత రకాల నుంచి కొత్త వాటి దాకా నమూనాలు. మొదటి దాంట్లో ప్రతి పంటి చుట్టూ స్టీలు పట్టా, బండి చక్రానికి బిగించినట్టు. తరవాతి దాంట్లో పట్టాలు పోయి, పంటి ముందు జిగురుతో అంటించిన బిళ్ళలు, వాటి గాడిలో తీగ, తీగ జారకుండా రబ్బరు. రానురాను బిళ్ళలు చిన్నవైపోయాయి, పంటి రంగులోనూ వచ్చాయి. ఆఖరి వాటికి బుల్లి తలుపులు. తీగ పెట్టి తలుపు మూసేస్తే రబ్బరుతో పనే లేదు. మనవరాలికి అవే.

"అమ్మమ్మా, నీ చిన్నప్పుడు ఇక్కడ కూడా ఈ ఫస్ట్‌దే ఉండేదట," అంది, డాక్టరమ్మ మాట నాకు చెబుతూ.

"అదైనా వేసుకునేదాన్నే," అన్నాను.

"ఇప్పుడు వేసుకో మరి!"

మా అమ్మాయి నవ్వింది. "ఈ వయసులో నీ పళ్ళు ఎవరు చూస్తారమ్మా? ఉన్నవి ఊడకుండా చూసుకో."

గట్టివి తినొద్దని డాక్టరమ్మ కాగితం ఇచ్చింది. అందులో చేగోడీలు లేవు. లేకపోయినా నాకు తెలుసు.

కొన్ని నెలలకే దాని ముందు పళ్ళు లోపలికి సర్దుకున్నాయి. నవ్వితే చెయ్యి అడ్డం రావడం మానేసింది. ఇంట్లో ఎత్తు పళ్ళదాన్ని నేనొక్కదాన్నే మిగులుతున్నాను. కడుపు మండిపోయింది. ఒక శనివారం మా అమ్మాయి గ్రోసరీకి వెళ్ళినప్పుడు చేగోడీలు వండాను. గుల్లగా రావాలని ఎప్పుడూ వెన్న వేస్తాను. ఆ రోజు వెయ్యలేదు.

"వద్దన్నారు కదా, అమ్మమ్మా."

"ఒక్కటే. నీ కోసమే చేశాను."

పెద్దవాళ్ళు చేత్తో పెడితే కాదనకూడదని దానికి నేర్పింది నేనే. కొరికింది. టక్‌మంది. బిళ్ళ ఊడి తీగకి వేలాడింది.

సోమవారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్తూ కారులో మా అమ్మాయి ఒకటే కేకలు. "ఏం తిన్నావే?"

"పాప్‌కార్న్, మమ్మీ. ఫ్రెండ్ ఇంట్లో."

నా వైపు చూడలేదు. వెనక సీట్లో నా చెయ్యి మాత్రం పట్టుకుంది.

బిళ్ళ మళ్ళీ అంటించారు. ఇంకొన్ని వారాలు ఎక్కువ పడుతుందన్నారు. ఆ సాయంత్రం మా అమ్మాయికి చెప్పేశాను.

"తెలిసే పెట్టావా?"

"తెలిసే."

బియ్యప్పిండి డబ్బా తీసి నాకు అందని పై అరలో పెట్టేసింది.

బ్రేసెస్ తీసేసిన రోజు, మొదట్లో తీసిన పళ్ళ అచ్చు ఇచ్చి పంపారు. "ఛీ, అగ్లీ," అని మనవరాలు చెత్తబుట్ట దగ్గరికి నడిచింది.

"ఇలా ఇవ్వు. అవి నా పళ్ళు."

నా కళ్ళజోడు పక్కనే పెట్టుకున్నాను. కుళ్ళు పోయిందా అంటే పోలేదు. మనవరాలు నోరంతా తెరిచి నవ్వినప్పుడల్లా మండుతూనే ఉంటుంది. చేగోడీల్లో వెన్న మాత్రం ఆ తరవాత ఎప్పుడూ మానలేదు.