నెయ్యి పూసిన కీబోర్డు

ఆ రోజుల్లో నాకు మాట్లాడటం కంటే టైప్ చేయడం మీదే నమ్మకం ఎక్కువ. నోరు జారితే వెనక్కి తీసుకోలేం, టైప్ చేసింది పంపేలోపు ఎన్నిసార్లయినా చెరపొచ్చు కదా అని నా వాదన. హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. ఇంటి నుంచే పని కాబట్టి భద్రాచలంలో మా ముందు గదిలో, కుట్టుమిషను పక్కన బల్ల వేసి, దాని మీద డెస్క్‌టాప్ కంప్యూటర్ పెట్టుకుని కూర్చునేదాన్ని. మీటింగుల్లో అందరూ మాట్లాడుతుంటే నేను మాత్రం చాట్‌లో రాసేదాన్ని. మా టీం లీడ్‌ను అందరం మేడం అనేవాళ్లం. ఆవిడ ఒకసారి, "నీకు మాటలు వస్తయా అమ్మా" అని అడిగితే, "వస్తాయి మేడం" అని అది కూడా చాట్‌లోనే రాశాను.

జీతం రాగానే ఒక మెకానికల్ కీబోర్డు కొనుక్కుని, పాతది పక్కింటి పిల్లలకు ఇచ్చేశాను (వాళ్లు మర్నాడే దాన్ని క్రికెట్ బ్యాటు చేశారు). ఈ కొత్తదానిలో ప్రతి బటన్ కిందా విడిగా ఒక బుల్లి స్విచ్, దాని లోపల స్ప్రింగు ఉంటాయి. నొక్కితే టక్కుమంటుంది. వీడియోలో విన్నప్పుడు ఆ చప్పుడు ఇంపుగానే ఉంది. నేను కొట్టే వేగానికి మాత్రం రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టుండేది. అమ్మమ్మకు మధ్యాహ్నం నిద్ర కరువైంది. బస్సు కండక్టరుగా చేసే నాన్న డ్యూటీ దిగి వచ్చి, "డొక్కు బస్సుల తిరిగి తిరిగి వస్తే ఇంట్ల గూడ గదే సప్పుడా" అన్నాడు. చివరికి మేడం కూడా, "మీ దగ్గర రాళ్ల వాన పడుతున్నట్టుంది, ఆ కిటికీ కొంచెం మూస్తవా" అన్నారు. నేను లేచి వెళ్లి, నిండుగా ఎండ వస్తున్న కిటికీని మూసి వచ్చాను.

ఇంటర్నెట్‌లో వెతికితే దీనికి మందు ఉందని తెలిసింది. స్విచ్‌లు ఒక్కొక్కటే పీకి, విప్పి, లోపలి ముక్కలకు సన్నటి కుంచెతో గ్రీజు పూస్తే చప్పుడు మెత్తబడుతుందట. గ్రీజుకు ఆర్డరు పెట్టాను. అది వచ్చేసరికి సిద్ధంగా ఉంటాయని (ఇదీ నా ముందుచూపు) శనివారం పొద్దున్నే స్విచ్‌లన్నీ పీకేసి, ఏ వరస ఆ వరసలో ఇడ్లీ ప్లేట్లలో సర్దాను. అమ్మ ఆ పూట ఇడ్లీ పిండి పక్కన పెట్టి ఉప్మా చేసింది. సరిగ్గా అప్పుడే గోదావరి పొంగింది. ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, రోడ్డు మీదికి నీళ్లొచ్చాయి, నా పార్శిల్ అవతలి ఒడ్డున ఆగిపోయింది. మా వీధి ఎత్తు మీద ఉంది కాబట్టి ఇంటికి భయం లేదు గానీ, స్విచ్‌లు ఉన్నవి ఉన్నట్టే బిగిస్తే మళ్లీ అదే రాళ్ల వాన, బిగించకపోతే సోమవారం పనికి కీబోర్డు లేదు.

ఇడ్లీ ప్లేట్ల ముందు దిగాలుగా కూర్చున్న నన్ను చూసి అమ్మమ్మ, "ఏందే బిడ్డా, దేనికి ఏడుస్తున్నవ్" అంది.

"గ్రీజు రాలేదు అమ్మమ్మా."

"గ్రీజు లేకుంటే నెయ్యి రాయి. మెత్తగ తిరగాలె, గంతే గదా. వాసన గూడ మంచిగుంటది."

నవ్వబోయి ఆగాను. వీడియోలో చూసిన గ్రీజు తెల్లగా, పేరుకుని ఉంది. వానాకాలం కాబట్టి డబ్బాలో నెయ్యి కూడా తెల్లగా, పేరుకుని ఉంది. ఇంతకంటే పరిశోధన అవసరం లేదనిపించింది. రెండు రోజులు కూర్చుని పూశాను. పల్చగా పూయాలని వీడియోలో చెప్పారు గానీ, మా ఇంట్లో నెయ్యి పల్చగా వేసే అలవాటు లేదు. బిగించి నొక్కి చూస్తే చప్పుడు లేదు. ముద్దపప్పులో వేలు పెట్టినంత మెత్తగా దిగింది బటన్. గదంతా ప్రసాదం వాసన. నా అంత తెలివైనది జిల్లాలో ఇంకొకతె ఉండదని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఇక్కడ మా పిల్లి గురించి చెప్పాలి. అన్నం పెట్టేదాకా పక్కన కూర్చుని పెత్తనం చేస్తుందని అమ్మమ్మ దానికి మేడం అని పేరు పెట్టింది. నాకు ఉద్యోగం రాకముందు పెట్టిన పేరది.

సోమవారం మీటింగులో మేడం, అంటే టీం లీడ్, "శుక్రవారం కస్టమర్లకు మన ప్రోగ్రాం చూపించి వివరంగా మాట్లాడాలె. ఎవరు ముందుకొస్తరు" అని అడిగి, అదే చాట్‌లో కూడా రాశారు. ఆ సమయంలో స్టౌ మీద పాలు పొంగుతున్న వాసన వస్తే వంటింట్లోకి పరిగెత్తాను. మైకు ఆపడం మరిచిపోయాను. స్టౌ కట్టేస్తుండగా ముందు గదిలోంచి అమ్మమ్మ గొంతు వినిపించింది.

"ఏయ్ మేడం, ఏంది ఆ నాకుడు. పొద్దుగాల గిన్నెడు పాలు తాగినవ్ గదా. ఇంకా సాల్లేదా నీకు. దిగుతవా, తోక పట్టి గుంజాల్నా?"

నేను వచ్చేసరికి పిల్లి కీబోర్డు మీద నిలబడి కళ్లు మూసుకుని నాకుతోంది. చాట్‌లో, మేడం ప్రశ్న కింద, నా పేరు మీద 'కె' అనే అక్షరం వరసలు వరసలుగా పడి ఉంది. ఆఫీసు చాట్‌లో 'కె' అంటే సరే అని అర్థం. నేను స్క్రీన్ నిండా సరే అని ఉన్నాను. మైకు తెరిచే ఉంది.

ఇక టైప్ చేసే వీలు లేక మొదటిసారి నోరు తెరిచాను. "మిమ్మల్ని కాదు మేడం. మా మేడాన్ని మేడం. అంటే, పిల్లి మేడం." నమ్మరేమోనని కెమెరా వేసి, పిల్లిని ఎత్తి చూపించాను. అది మూతి నాక్కుంది.

"కీబోర్డును ఎందుకు నాకుతుంది" అన్నారు మేడం.

"నెయ్యి పూశాను మేడం."

"ఎందుకు పూసినవో నేను అడగను. మీ మేడం ఒప్పుకుంది కాబట్టి శుక్రవారం నువ్వే మాట్లాడు."

గురువారానికి పిల్లి వదిలేసిన నెయ్యి కోసం చీమలు వచ్చాయి. నొక్కిన బటన్ లేవడం మానేసింది. మళ్లీ అన్నీ విప్పి, సర్ఫు నీళ్లలో కడిగి, మంచం మీద పంచె పరిచి ఫ్యాన్ కింద ఆరబెట్టాను. వాన పట్టడంతో శుక్రవారానికీ ఆరలేదు. చెప్పాల్సినదంతా చాట్‌లో రాసేద్దామనుకున్న నా పథకం పంచె మీద ముక్కలై ఉంది. వరదకు బస్సులు తిరగక ఇంట్లోనే ఉన్న నాన్న నా మొహం చూసి, "బస్సు నిండ జనముంటది. అందరిని సూస్తె నాకు గూడ గొంతు పెగలదు. ఒక్కన్ని సూసి మాట్లాడ్త. నువ్వు గూడ ఒక్కన్ని సూస్కో" అన్నాడు.

కస్టమర్లలో ఒక బట్టతల పెద్దమనిషిని చూసుకుని మొదలుపెట్టాను. తడబడ్డాను గానీ ఆగలేదు. సగంలో ఆయనే, ప్రోగ్రాంలోని ఒక గడిలో మా ఊరి పేరు టైప్ చేసి చూపించమన్నాడు. "కీబోర్డు ఆరుతోంది సర్" అన్నాను. ఆరడమేమిటన్నాడు. చెప్పక తప్పలేదు. గోదావరి, గ్రీజు, అమ్మమ్మ, పిల్లి, చీమలు, అన్నీ వచ్చిన ఇంగ్లీషులో వరసగా చెప్పాను. ఆయన నవ్వి నవ్వి, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ప్రోగ్రాం గురించి ఆయన అడిగిన ప్రతిదానికీ నేను ఎప్పటినుంచో మాట్లాడేదానిలాగే జవాబు చెప్పాను. సాయంత్రం మేడం ఫోన్ చేసి, "మంచిగ మాట్లాడినవ్. ఆ నెయ్యి సంగతి మాత్రం పైవాళ్లకు చెప్పకు" అన్నారు.

వరద తీశాక పార్శిల్ వచ్చింది. ఇప్పుడు తెలిసినవాళ్ల కీబోర్డులు నేనే విప్పి బాగు చేస్తుంటాను. నా దగ్గర నాలుగు రకాల గ్రీజులు, మంచి కుంచెలు ఉన్నాయి. ఏదైనా లేకపోతే ఆర్డరు పెట్టి, వచ్చేదాకా బుద్ధిగా ఆగుతాను. అలా ఆగడం తెలియని ఆ పిల్ల, పైన ఇస్త్రీ చొక్కా, కింద ఇంట్లో వేసుకునే పైజామాతో కెమెరా ముందు చేతులు తిప్పుతున్న పిల్ల, అప్పుడప్పుడూ గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఒక్కసారి కలిస్తే బాగుండనిపిస్తుంది. సలహాలేమీ ఇవ్వను. పక్కన కూర్చుని, స్విచ్‌లు విప్పి అందిస్తూ ఉంటాను.