మూడు పూతల ట్రాక్టరు

డిప్లొమా చేతికి వచ్చిన ఏడాది జూలైలో, విశాఖ ఓడరేవులో సరుకు ఎత్తి దించే ఒక కాంట్రాక్టు సంస్థ వర్క్‌షాపులో జూనియర్ ఇంజనీరుగా చేరాను. ఫోర్క్‌లిఫ్టులు, లోడర్లు, డీజిల్ జనరేటర్లు మా పరిధి. నాపైన అసిస్టెంట్ మేనేజరు, నా కింద ఫోర్‌మన్ దానియేలు గారు. ఈ కిందా పైనా కాగితం మీదే. వర్క్‌షాపులో ఎవరూ ఆ ప్రకారం నడుచుకునేవారు కాదు, నాతో సహా. ఆ ఉద్యోగం వదిలి ఇప్పుడు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతున్నాను. అప్పట్లో చేసిన మంచి రిపేరు ఏదని విద్యార్థులు అడిగితే, ఉద్యోగం లెక్కలోకి రాని ఒక ట్రాక్టరు సంగతి చెబుతాను.

దానియేలు గారు ఒక వేసవిలో రిటైరయ్యారు. భీమునిపట్నం దగ్గర ఆయనకూ, అక్క మార్తమ్మ గారికీ ఉమ్మడిగా కొంత మెట్టపొలం ఉంది. రేకుల షెడ్డులో ఏళ్ళ తరబడి కదలని వాళ్ళ నాన్నగారి ట్రాక్టరూ ఉంది. తానే దున్ని వేరుశనగ వేయాలని ఆయన కోరిక. పొలాన్ని సరుగుడు తోటకు కౌలుకిచ్చేద్దామని అక్కగారి ఆలోచన. సరుగుడు వేస్తే కొన్నేళ్ళపాటు అందులో నాగలి దిగదు. చివరికి ఆవిడే షరతు పెట్టారు: తొలకరికి ట్రాక్టరు తనంతట తాను నడిచి పొలంలోకి వస్తే సేద్యం తమ్ముడిది, రాకపోతే పొలం సరుగుడుది.

బాగుచేయడానికి పోర్టులోని మా వర్క్‌షాపుకు సొంత బండి తేవాలంటే గేటు పాసు కావాలి. షెడ్డులో పడి ఉన్న ట్రాక్టరుకు ఆ పాసు ఎవరిస్తారు? అందుకని, ఆయన నన్ను సాయం అడిగితే, ఇద్దరం ప్రతి ఆదివారం, చర్చి అయ్యాక, పనిముట్లతో భీమిలి బస్సెక్కేవాళ్ళం. ఇంజను బిగుసుకుపోయి ఉంది. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పి, సిలిండర్లలో డీజిల్ పోసి నానబెట్టాం. పొడవాటి పానాతో ఓపిగ్గా అటూ ఇటూ కదపగా కదపగా తిరిగింది. ట్యాంకు కడిగాం, ఫిల్టర్లు మార్చాం, ఇంజెక్టర్లను పరీక్షకు విశాఖ వన్ టౌన్‌లో ఒక షాపుకు ఇచ్చాం.

ఈలోగా మార్తమ్మ గారి భర్త సామ్యేలు గారు రంగు పని అందుకున్నారు. ఆయన ఓడల మరమ్మతు యార్డులో పెయింటరు. సముద్రపు గాలిలో ఇనుము ఒక్క పూట కూడా బోడిగా ఉండకూడదన్నది ఆయన ధర్మం. విప్పిన ప్రతి ముక్కకీ అన్ని వైపులా మూడు పూతలు వేశారు. ట్రాక్టరు ఎంత ముద్దొచ్చిందంటే, ఆ రంగు మీదే అన్నీ బిగించేశాం.

మబ్బులు పట్టిన రోజున మార్తమ్మ గారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. సరుగుడు కౌలుదారు కొలతల టేపుతో గట్టు మీద సిద్ధంగా ఉన్నాడు. దానియేలు గారు తాళం తిప్పారు. టిక్ మంది. మళ్ళీ తిప్పారు. మళ్ళీ టిక్.

సామ్యేలు గారు ఆగలేదు. "ఏటి బావా, ఇంజను బాగుసేసేరా, గడియారం సేసేరా?"

"పాపం గట్టుమీదాయనొచ్చి కూకున్నాడు. కొలిపించీమంటావేటి?" అన్నారు మార్తమ్మ గారు తమ్ముడితో. దానియేలు గారు నావైపు చూశారు.

బ్యాటరీ కొత్తది, హెడ్‌లైటూ చక్కగా వెలుగుతోంది, కాబట్టి బ్యాటరీ మీద నాకు అనుమానం లేదు. మిగిలినవి రెండు: స్టార్టరు, లేదా కరెంటు దారి. కరెంటు వెళ్ళడానికి తీగ ఉంటుంది. తిరిగి రావడానికి బండి ఇనుమే దారి. ఆ ఇనుముకూ బ్యాటరీకీ మధ్య బిగించే రాగి పట్టీనే ఎర్తు అంటాం. వోల్టుమీటరు ఒక మొన బ్యాటరీ నెగటివ్ మీద పెట్టాను. రెండో మొన పెట్టడానికి ఇంజను మీద రంగు లేని చోటు ఎంత వెతికినా కనపడలేదు. అక్కడే నాకు సగం అర్థమైంది. చివరికి, షాపుకు వెళ్ళి రంగు తప్పించుకున్న ఇంజెక్టరు నట్టు దొరికింది. తాళం తిప్పమన్నాను. దాదాపు సున్నా చూపాల్సిన మీటరు బ్యాటరీ వోల్టేజీ అంతా చూపించింది. ఎర్తు పట్టీ ఇనుము మీద లేదు, మూడు పూతల మీద కూర్చుంది. బోల్టు మరచుట్ల గుండా జారే కాస్త కరెంటు దీపానికి చాలుతుంది, స్టార్టరుకు చాలదు.

దానియేలు గారు పట్టీ విప్పి గరుకు ఎమరీ కాగితం అందుకున్నారు.

"గీకీకు బావా. నాను మూడు పూతలేసేను."

"నువ్వు ఓడకేసేవు బావా. ఇది మునిగే బండి కాదు."

రూపాయి బిళ్ళంత మేర ఇనుము తెల్లగా తేలింది. పట్టీ బిగించి తాళం తిప్పితే ఇంజను రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ కక్కి, అందుకుంది. మార్తమ్మ గారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ట్రాక్టరు ముందు చక్రాలు పొలంలో దిగేదాకా చూశారు. తర్వాత కౌలుదారు వైపు తిరిగి, "టేపు సుట్టీ నాయినా. టీ తాగి ఎల్దువుగాని" అన్నారు.

పాత యంత్రాన్ని బాగుచేసేటప్పుడు రంగు ఎక్కడ వేయాలన్నది కాదు, ఎక్కడ వేయకూడదన్నది ముందు తేల్చుకోవాలి. ఎర్తు కూర్చునే చోటు బోడిగా ఉంచి, బిగించాక పైన గ్రీజు పూస్తే ఉప్పుగాలి చేరదు. ఇది నా విద్యార్థులు పరీక్ష కాగానే మర్చిపోతారు. సామ్యేలు గారు మాత్రం మర్చిపోలేదు. మొన్న చర్చి గేటుకు రంగు వేయబోతూ, బ్రష్షు డబ్బాలో ముంచేముందు ఆగి దానియేలు గారిని అడిగారట: "దీనికి ఎర్తెక్కడ బావా?"