మీకూ పోయిందా?

దాచేపల్లిలో మా సందులో కరెంటు పోగానే ముందు వినబడేది ఎదురింటి అక్క గొంతు. లారీ మెకానిక్ భార్య. "ఏమే, మీకూ పోయిందా?" అని కేకేసేది. ఇద్దరికీ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్, తనకు పోతే నాకు ఉంటుందా! అయినా ఆమె అడగాల్సిందే, "పోయిందక్కా" అని నేను అనాల్సిందే. అప్పుడు ఎండుమిరపకాయల చేట పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేది. తొడిమలు తీస్తూ, ఘాటుకు తుమ్ముతూ, సందులో ఒక్కరినీ వదలకుండా ఆడిపోసుకునేవాళ్లం. కరెంటు వస్తే ఇద్దరికీ ప్రాణం ఉసూరుమనేది.

మా ఆయనకు సిమెంటు ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీలు. పగలు పడుకోవాలి. ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాను ఆగితే చెమటలతో లేచి కూర్చుని, నేనే కరెంటు తీసినట్టు నావంక చూసేవాడు. అందుకని రెండేళ్ల కిందట ఇన్వర్టర్ కోసం పిడుగురాళ్ల వెళ్లాం. ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని లైట్లు, ఎన్ని గంటలు నడవాలి అని కొట్టతను అడిగాడు. చిన్నది చాలన్నాడు మా ఆయన. పెద్ద బ్యాటరీదే కావాలన్నాను నేను. నా మాటే నెగ్గింది.

అది వచ్చాక కూడా మా అరుగు కబుర్లు మానలేదు. ఆయన్ను ఫ్యాను కింద వదిలేసి అక్క కేక కోసం నేను గుమ్మంలోనే ఉండేదాన్ని.

ఒకరోజు అక్క అంది, "మా ఆయన పాత లారీ బ్యాటరీ తెచ్చి ఇన్వర్టర్ బిగిస్తానంటున్నాడే. అరగంట నడిస్తే చానా ఎక్కువ." ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు. నా బుద్ధి గడ్డి తిని, "వద్దక్కా, మాలాంటిదే తీసుకో, సాయంత్రం దాకా ఢోకా లేదు" అన్నాను. దగ్గరుండి కొట్టుకు తీసుకుపోయాను కూడా. ఆ అరగంట బ్యాటరీ బిగించి ఉంటే మిగతా పూటంతా అక్క నాదే కదా!

ఆ తర్వాత కరెంటు పోతే సందులో కేకే లేదు. ఎదురుగానే ఉంటుంది మనిషి, కనబడితే నవ్వుతుంది. కానీ చేట పక్కన పెట్టుకుని నా పక్కన కూర్చునే అక్క కోసం నా ప్రాణం కొట్టుకునేది.

మొన్నొక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆ వారం మా ఆయనకు పగటి డ్యూటీ, ఇంట్లో లేడు. ఇన్వర్టర్ స్విచ్చి ఆపేసి, మిరపకాయలు తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాను. ఈసారి నేనే కేకేశాను.

"అక్కా, మీకూ పోయిందా?"

కిటికీలోకి వచ్చింది. "పోతే ఏంది, ఇన్వర్టర్ ఉందిగా. నీదేమైంది?"

"ఆగిపోయిందక్కా," అబద్ధమాడాను.

"యా అల్లా! ఈ ఎండలోనా? ఉండవే, మా ఆయన్ని పంపిస్తా."

ఆయన అన్నం మధ్యలో లేచి, చేయి కడుక్కుని టెస్టర్‌తో వచ్చాడు. నిమిషం కూడా పట్టలేదు. "స్విచ్చి ఆపేసుందమ్మా, అంతే" అని నవ్వాడు. లోపల ఫ్యాను తిరిగింది.

"వచ్చిందా ఏమే?" అంది అక్క.

"వచ్చిందక్కా."

"హమ్మయ్య. ఎండలో కూర్చోకు, లోపలికి పో" అని కిటికీ మూసుకుంది.