అగ్గిపెట్టెంత పాలవెల్లి

మొన్న అటక సర్దుతుంటే పాత బిస్కెట్ల డబ్బాలో ఒక పాలవెల్లి దొరికింది. వినాయకచవితినాడు దేవుడి నెత్తిన కాయలూ పళ్ళూ వేలాడగట్టే చట్రం ఎంతుంటుందో అందరికీ తెలుసు. ఇది అగ్గిపెట్టెంత ఉంది. కొబ్బరి ఈనెల చట్రం, రాసిన పసుపు వెలిసిపోయింది, కట్టిన కాయల్లో ఒక్క మిరియం మిగిలింది. మా ఆవిడ ఎవరో దిష్టి తీసి పడేసిందనుకుని బయట పారెయ్యబోయింది. ఉండనిమ్మన్నాను.

తొంభైల్లో, కొత్తపేట దగ్గర మా ఊళ్ళో, టేబులు ఫ్యాను వచ్చిన అట్టపెట్టెతో అమ్మ మా చెల్లికి బొమ్మరిల్లు చేసింది. అందులో జాకెట్టు ముక్కలతో కుట్టిన నలుగురు మనుషులు: నాన్న, అమ్మ, నేను, చెల్లి. నా బొమ్మకి మీసాలు పెట్టలేదు. డిగ్రీలో చేరినా నిజంగానూ రాలేదు కనక అభ్యంతరం చెప్పలేకపోయాను. నానమ్మ బొమ్మ కుట్టడం అమ్మ మర్చిపోయింది. ఆ కోపానికి నానమ్మ ఆ అట్టపెట్టె వైపు చివరిదాకా సరిగా చూడలేదు. మాకు ఏ పండగొస్తే ఆ ఇంటికీ అదే పండగ. ఉగాదికి వేపచిగుళ్ళ తోరణం, ఎండాకాలం వాకిట్లో అగ్గిపుల్లల మీద కొబ్బరాకు చలవపందిరి, కార్తీకంలో మట్టి ఉండల్ని గోటితో నొక్కి చేసిన ప్రమిదలు. మాకు వంట ఆలస్యమైన రోజులున్నాయి గాని, ఆ ఇంటికి పండగ ఆలస్యమైన రోజు లేదు.

ఒక ఆషాఢంలో అమ్మ కామెర్లతో పోయింది. పసరు మందులంటూ రోజులు గడిపాం. ఆ సంగతి మా ఇంట్లో ఎవరం మాట్లాడుకోం. చెల్లికి తొమ్మిదేళ్ళు. ఏడవలేదు. పెడితే తినేది, పొమ్మంటే బడికి పోయేది, ఏమడిగినా "ఆయ్" అనేది. అంతకుముందు దాని నోరు మూయించడానికి ఇంటిల్లిపాదీ కావలసి వచ్చేది. నవ్వించడం నా శాఖ కాబట్టి తెలిసిన వేషాలన్నీ వేశాను. మర్యాదగా చూసి, పుస్తకం తెరుచుకునేది. ఇంతలో చవితి వచ్చింది. మాకు ఏటి సూతకం, ఏడాది తిరిగేదాకా గుమ్మానికి మావిడాకు కూడా కట్టకూడదు. అట్టపెట్టెకి కట్టొచ్చని నాకు తోచింది.

"సూతకంలో పాలవెల్లేవిట్రా? విన్నవాళ్ళు మొహాన ఉమ్మేస్తారు" అంది నానమ్మ.

"మనింట్లో కాదు నానమ్మా. బొమ్మరింట్లో ఎవరూ పోలేదు కదా."

నానమ్మ చాలాసేపు విసనకర్ర విసురుకుంది. "ప్లీడరు గారు పుట్టేరు మనింట. సరే ఏడవండి, వీధి తలుపేసుకుని" అంది.

అమ్మకి ఒక పూట పట్టే పని నాకు మూడు రోజులు పట్టింది. వెలక్కాయకి మిరియం, మొక్కజొన్న పొత్తుకి వడ్లగింజ, జామకాయకి పచ్చపూస, కట్టడానికి అమ్మ కుట్టుపెట్టెలో దారం. కాలవమట్టితో బఠాణీ అంత వినాయకుణ్ణి కూడా చేశాను. ఆయనకన్నా ఆయన ఎలక పోలికే ఎక్కువగా వచ్చింది.

చవితి పొద్దున్న అన్నీ చెల్లి ముందు పెట్టాను. "మీ ఇంటికి కట్టుకోమ్మా" అన్నాను. అది పాలవెల్లిని అరచేతిలో పెట్టుకుని ఒక్కొక్క కాయనీ వేలితో కదిపి చూసింది. ఇప్పుడు నవ్వుతుంది, ఇప్పుడు నవ్వుతుంది అని చూస్తున్నాను. అట్టపెట్టె తలుపు తీసింది. లోపల గోడకి ఆనుకుని ముగ్గురే ఉన్నారు.

"మా ఇంట్లోనూ పండగ లేదన్నయ్యా" అంది.

"అమ్మ బొమ్మేదే?"

"నాన్న అమ్మని గోదాట్లో కలపడానికి వెళ్ళేరు కదా, ఆ రోజే నేను కాలవలో వదిలేసేను. గుడ్డది కదా, ఎంతసేపటికీ మునగలేదు. లాకులదాకా పక్కనే నడిచేను."

అమ్మ పోయాక అది మాట్లాడిన పెద్ద మాట అదే. అన్నీ తీసి డబ్బాలో పెట్టేశాను.

ఏడాది తిరిగింది. సంవత్సరీకం అయ్యాక నానమ్మ దగ్గరుండి గుమ్మానికి మావిడాకులు కట్టించింది. అట్టపెట్టె తలుపు మాత్రం చెల్లి మళ్ళీ తియ్యలేదు. కొన్నాళ్ళకి చెద పడితే పారేశారు. ఇప్పుడు చెల్లి రాజోలులో టీచరు, బాగానే మాట్లాడుతుంది. డబ్బా దొరికిందని ఫోనులో చెబితే, "మిరియాలున్నాయా ఇంకా?" అంది. ఒకటుందన్నాను. "ఉండనీ" అంది. పెద్ద ఇంటికి సూతకం తీరిందని ఆనాడు పురోహితుడు గారు చెప్పారు. అట్టపెట్టె ఇంటికి చెప్పేవాళ్ళెవరూ లేకపోయారు; అక్కడ ఇంకా ఆ ఏడాదే నడుస్తోందనుకుంటాను.