మూడో వంతు ఊపిరికి

టేపమ్మ అసలు పేరు ఇంట్లోవాళ్లే మరిచిపోయారు. మెడలో కొలత టేపు లేకుండా ఆవిడను చూసినవాళ్లు లేరు మరి. వీధి వైపు గదిలో కుట్టు మిషను ముందు కూర్చుని, గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి నడుము ఎన్ని అంగుళాలో చూపుతోనే చెప్పేయగలదు. ఎవరైనా పోయినసారి కన్నా లావయ్యారనుకోండి, మొహమాటం లేకుండా మొహం మీదే అనేస్తుంది. ఆ టేపు తన నడుము చుట్టూ తిరిగి మాత్రం ఇరవై ఏళ్లయింది.

ఒకరోజు మోకాళ్లు మొరాయించాయి. నమాజులో సజ్దాకు వంగి నుదురు నేలకు ఆనించిన మనిషి మళ్లీ లేవలేకపోయింది. కొడుకూ కోడలూ చెరో రెక్కా పట్టి లేపారు. మర్నాడే కొడుకు ఒక కుర్చీ తెచ్చి నమాజు చాప పక్కన వేశాడు. ఒంట్లో బాగోనివాళ్లు కుర్చీలో చేసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. ఆ సంగతి టేపమ్మకూ తెలుసు. తెలిసినా, కుర్చీలో కూర్చుని తల కాస్త ముందుకు వంచిన ప్రతిసారీ ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చేది. చిన్నప్పటి నుంచీ రోజూ నుదురు పెట్టిన నేల అది. ఇప్పుడు అందకుండా పోయింది.

బరువు తగ్గితే మోకాళ్లు మాట వింటాయనీ, తగ్గకపోతే కడుపు చిన్నది చేసే ఆపరేషన్ ఉందనీ డాక్టరమ్మ చెప్పింది. కొడుకు ఆలస్యం చేయకుండా ఆపరేషన్‌కు తేదీ తీసుకొచ్చాడు. మూడు నెలల తర్వాత.

"ఇంతమందికి కుట్టిపెట్టినదాన్ని. నా పొట్టకి ఇంకొకరు కుట్లు వేస్తారా?" అని ఒంటికాలి మీద లేచింది టేపమ్మ. "ఈ మూడు నెలలూ నాకు వదిలెయ్. నా నుదురు నేలకి ఆనకపోతే అప్పుడు నువ్వు ఏ బల్ల మీద పడుకోమంటే ఆ బల్ల మీద పడుకుంటా."

"నోరు కట్టుకోవడం నీవల్ల కాదమ్మా. పోయిన రోజాల నెలలో కూడా రెండు కిలోలు పెరిగావు."

అది నిజం. పగలంతా ఉపవాసముండి, పొద్దుగూకగానే పగ తీర్చుకున్నట్టు తినేది. నిజం కాబట్టే ఆవిడకు అంత ఒళ్లు మండింది.

ప్రవక్త చెప్పిన మాట ఒకటి ఆవిడకు చిన్నప్పుడే కంఠతా వచ్చు. మనిషి నింపే పాత్రల్లో కడుపు కన్నా చెడ్డది లేదు. నడుము నిలబెట్టే నాలుగు ముద్దలు చాలు. అంతకు మించి తప్పదనుకుంటే ఒక వంతు తిండికి, ఒక వంతు నీళ్లకు, ఒక వంతు ఊపిరికి. ఈ మాట కొడుక్కి వందసార్లు చెప్పి ఉంటుంది, ఏదో ఒకటి నములుతూనే. ఆ మర్నాడు తన పెద్ద కంచాన్ని అటక ఎక్కించి చిన్న పళ్లెం దింపింది. నాలుగు ముద్దలయ్యాక, ఇంకా ఆకలి ఉందా అని కడుపును పైకే అడిగేది. ఉందని అబద్ధమాడితే నాలుగు చీవాట్లు పెట్టేది.

నెల తిరిగాక బరువు చూసుకుంటే అర కిలో పెరిగింది. కొడుకు నవ్వాడు. ఆ నవ్వుకి ఆవిడకు ఇంకా కాలింది.

గుట్టు కనిపెట్టింది కోడలే. "అత్తయ్యా, నీళ్ల వంతు నీళ్ల వంతు అంటూ మీరు రోజుకి ఎనిమిది టీలు తాగుతున్నారు. ఒక్కోదాన్లో మూడు చెంచాల చక్కెర."

"టీలో ఉండేవి నీళ్లు కావా?" అని దబాయించబోయి టేపమ్మ ఆగిపోయింది. కొలత తప్పుగా తీసి, బట్ట చాల్లేదని సాకు చెప్పే దర్జీలంటే ఆవిడకు గిట్టదు. ఇప్పుడు తను చేసిన పనీ అదే. "రేపట్నుంచి వట్టి నీళ్లు," అంది చిన్నబోయి.

అక్క ఇంటికి భోజనానికి వెళ్తే, అక్క గరిటె పట్టుకుని మీదికొచ్చింది. "నా చేతి వంట చేదైపోయిందా నీకు?"

"ఇంకా తినాలనిపిస్తుండగానే లేస్తున్నానక్కా. నీ వంట బాగుండబట్టే ఇంత కష్టంగా ఉంది," అని పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టింది. అక్క వారం రోజులు మాట్లాడలేదు. టేపమ్మ చెయ్యి తియ్యలేదు.

రెండో నెల నాలుగు కిలోలు తగ్గింది, మూడో నెల మూడు. తన బట్టల పక్క కుట్లు తనే విప్పి లోపలికి వేసుకుంది. మిషను తొక్కుతుంటే ఇదివరకటి ఆయాసం లేదు. ఊపిరి వంతు ఊపిరికి దక్కింది.

"ఏడు కిలోలు ఏ మూలకమ్మా? ఎల్లుండి ఆసుపత్రికి బట్టలు సర్దుకో," అని చెప్పి కొడుకు పనికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అసర్ నమాజు వేళ టేపమ్మ టేపు తీసి మిషను మీద పెట్టింది. కుర్చీని గోడ వారకు నెట్టి, చాప మీద నిలబడింది. వంగింది. మోకాళ్లు మూలిగాయి, కానీ విన్నాయి. నుదురు నేలకు తగిలింది. అరచేతులు ఊని తనే లేచింది. మళ్లీ వంగింది, మళ్లీ లేచింది. ఆఖరి సజ్దాలో ఉండగా గుమ్మంలో కొడుకు చెప్పుల చప్పుడైంది.

"అమ్మా! అమ్మా, పడిపోయావా?"

నమాజు మధ్యలో మాట్లాడకూడదు. ఆవిడ పలకలేదు, కదల్లేదు. కొడుకు పరుగున వచ్చి రెక్క పట్టుకోబోయాడు. లోపలి నుంచి కోడలు అడ్డం వచ్చింది.

"ముట్టుకోకండి. అత్తయ్య నమాజులో ఉన్నారు."

కొడుకు ఆ గోడ వారనున్న కుర్చీలోనే కూలబడ్డాడు. కాసేపటికి టేపమ్మ తాపీగా లేచి కూర్చుంది. చదవాల్సినదంతా చదివి, కుడివైపు తల తిప్పి సలాం చెప్పింది. ఎడమవైపు తిప్పి చెప్పింది. అప్పుడు కొడుకు వైపు చూసింది.

"అంతసేపు అలాగే ఉండిపోయావేంటమ్మా? లేవలేకపోతున్నావేమో అనుకున్నా."

"లేవలేక కాదురా," అంది టేపమ్మ, నుదుటికంటిన ధూళి తుడుచుకోకుండానే. "ఇన్నాళ్లకి ఆనింది. లేవబుద్ధి కాలేదు."