ఒక దిక్కే కూసిన ఊపిరి

ఈ ఉదయం దవాఖానలో పరీక్ష కోసం చొక్కా విప్పి కూర్చుంటే, స్టెతస్కోపు బిళ్ళ వీపుకు చల్లగా తగిలింది. గ్రేసమ్మ సిస్టర్ అయితే దాన్ని ముందు అరచేతిలో రుద్ది వెచ్చబెట్టేది. మిషన్ దవాఖానలో నర్సుగా చేసి రిటైరై, మా వాడలోనే ఉండేది. నేను బడి మొహం చూడలేదు. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి. ఎదురు నిలిచి అడగడం మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

మరమగ్గాలను మా దిక్కు సాంచాలంటారు. ముప్పై ఏళ్ళు వాటి మధ్య నిలబడ్డాను. యాభై దాటాక దగ్గు, ఆయాసం, పిల్లికూతలు పట్టుకున్నాయి. ఏ దవాఖానకు పోయినా ముందు ఏం పని చేస్తావని అడిగేవారు. సాంచాలు అనగానే, తల ఎత్తకుండానే, దుమ్ము వల్ల అని రాసేసేవారు. ఒకాయన ఆరు నెలలు క్షయ మందులు కూడా మింగించాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నా పని పేరే నా రోగం పేరయిపోయింది!

ఓనాడు నా దగ్గు విని గ్రేసమ్మే పిలిచి అరుగు మీద కూర్చోబెట్టింది. వీపంతా ఓపిగ్గా విన్నది.

"దుమ్మయితే రెండు దిక్కుల కూయాలె గద తమ్మీ. గిది కుడి దిక్కే కూస్తుంది. ఊపిరి గొట్టంల ఏదో అడ్డమున్నది."

"గిన్నేండ్ల సంది డాక్టర్లకు ఇనబడలేదా అక్కా?"

"ఇంటె గద, ఇనబడేది! అయినా షెడ్డుల ఏ సాంచ చెడ్డదో సప్పుడుతోని చెప్తవు, నీ రొమ్ము సప్పుడు నీకు ఎరుకలేదా?"

నవ్వబోతే దగ్గే వచ్చింది.

తానే వెంటబెట్టుకుని కరీంనగర్ తీసుకుపోయింది. స్కాన్‌లో కుడి ఊపిరి గొట్టంలో చిన్న గడ్డ కనబడింది. ముక్క తీసి పరీక్షిస్తే కాన్సర్ కాదని తేలింది. అయినా అక్కడి డాక్టరు, ఛాతీ కోసి ఊపిరితిత్తి కింది భాగం తీసెయ్యాలన్నాడు. తీసేస్తే మళ్ళీ పనిలో నిలబడగలనా? గ్రేసమ్మ లేచి నిలబడింది.

"సార్, కాన్సర్ కాదంటిరి. సన్నటి కాడకు ఏలాడుతున్నదంటిరి. నోట్లకెళ్లి గొట్టం ఏసి తియ్యరాదా?"

ఆయన ముఖం చిట్లించాడు. మళ్ళీ స్కాన్ చూశాడు. "తియ్యొచ్చు. ఆ పని చేసే డాక్టరమ్మ దగ్గరికి పంపుత" అన్నాడు.

ఆ డాక్టరమ్మ మత్తిచ్చి, నోట్లోంచి గొట్టం దింపి, తీగ ఉచ్చుతో కాడను బిగించి, కరెంటు వేడితో తెంపి గడ్డను బయటికి తీసింది. ఛాతీ మీద గీత కూడా పడలేదు. తెలివి వచ్చాక గాలి పీల్చాను. ఎన్నో ఏళ్ళ తర్వాత అది అడుగుదాకా దిగింది. ఏడ్చాను. "ఇగ బీడీ ముట్టిచ్చినవనుకో, నేనే సంపుత" అంది గ్రేసమ్మ. నెల తిరగకముందే షెడ్డుకు పోయాను.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు షెడ్డులో ఎవరికి దగ్గు తగ్గకపోయినా దవాఖానకు నేను వెంట పోతాను. మొన్న ఒక డాక్టరు మా షెడ్డులో పనిచేసే పిల్ల ముఖమైనా చూడకుండా చీటీ రాయబోతుంటే, వీపు వినమన్నాను.

"నువ్వేమన్న డాక్టరువా పెద్దాయనా?"

"కాదు సార్, సాంచాల పనోన్ని. మీరు ఇనేదాక గీడనే కూసుంట."

ఆయన పెన్ను కింద పెట్టి స్టెతస్కోపు అందుకున్నాడు.