ఊపిరి చాలినంత ప్రార్థన

నాకు ఒంట్లో ఏదో తేడా చేసిందని మొదట కనిపెట్టింది నేను కాదు, కలకత్తాకి ట్రంకు కాల్ బుక్ చేసిన ఒక షిప్పింగ్ ఏజెంటు. డెబ్భైల చివర్లో మాట. అప్పుడు నేను విశాఖపట్నం ట్రంకు ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. మధ్యాహ్నం డ్యూటీ అయిపోవస్తోంది. "కలకత్తా లైన్లో ఉంది, మాట్లాడండి" అన్నాను. ఆయన కలకత్తాతో మాట్లాడ్డం మానేసి, "ఏమ్మా, అంత జలుబుతో డ్యూటీకెందుకు వచ్చావు?" అన్నాడు. నాకు జలుబు లేదు. తుమ్మైనా లేదు. హెడ్‌సెట్ తీసి పక్క సీటు అమ్మాయిని పిలవబోతే నా మాట నాకే ముక్కులోంచి వచ్చినట్టు వినపడింది.

నా గొంతు గురించి కొంచెం గొప్ప చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. నన్ను ఎప్పుడూ చూడని పోర్టు ఆఫీసర్లు కూడా "ఈవేళ సుగుణమ్మ డ్యూటీలో ఉందా, అయితే మన కాల్ దొరికినట్టే" అనుకునేవారట. జ్ఞానాపురం దగ్గర మా చర్చిలో ప్రార్థన చెయ్యమని పాస్టరు అయ్యగారు ప్రతి ఆదివారం నన్నే లేపేవారు. నేను లేచి గ్రాంథికంలో ఎత్తుకున్నానంటే దేవునికి ఉన్న బిరుదులన్నీ వరసగా, ఎక్కడా తడబడకుండా వచ్చేవి. ఆమెన్ అనేసరికి పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు, వెనక చాపల మీద పిల్లలు నిద్రపోయేవారు.

మా అత్తయ్య ఒక్కతే దేనికీ కరిగేది కాదు. ఆవిడది సబ్బవరం అవతల ఒక పల్లె. నాట్లు వేసి, గేదెల్ని మేపి మా ఆయన్ని పెంచింది. ఆయనకి పోర్టులో క్రేను ఆపరేటరు పని దొరికాక మాతో వచ్చి ఉంది. బాప్తిస్మం పెద్దయ్యాకే తీసుకుంది. చదువు రాదు. ఇంటికొచ్చాక గుమ్మంలో కూర్చుని, "ఒలే సుగుణా, పార్తన బాగానే సేసినావు గాని, ఇంతకీ దేవుణ్ణి ఏటి అడిగినావే?" అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆవిణ్ణి ఎవరైనా ప్రార్థన చెయ్యమంటే "నాకా బాస రాదయ్యా" అని తల దించుకునేది. రాకపోవడమే మంచిదని నేను లోపల్లోపల అనుకునేదాన్ని.

గొంతు తర్వాత ఎడమ కనురెప్ప పట్టుతప్పింది. పొద్దున్న బాగానే ఉండేది, సాయంత్రానికి షాపు షట్టరులా దిగిపోయేది. బోర్డు మీద ఒక ప్లగ్గు తీగ ఉన్నచోట రెండు కనిపించేవి. తీగలు పైవరసలో గుచ్చుతూంటే చేతులు బరువెక్కేవి. ఆదివారం మాంసం కూర నములుతూ నములుతూ మధ్యలో దవడ అలిసిపోయి ఆగిపోయేది. సీతమ్మధారలో ఒక కళ్ళ డాక్టరుగారు అద్దాలు రాశారు. ఇంకొకాయన నరాల బలహీనత అని బీకాంప్లెక్స్ ఇంజక్షన్లు వేయించారు. ఆఫీసులో సూపర్‌వైజరు "కాస్త నిద్రపోతూ ఉండమ్మా" అంది. చర్చిలోనేమో ప్రసంగం మొదలైతే సుగుణమ్మ నిద్రపోతుందని పేరొచ్చింది. ఆ మాటకొస్తే నిద్రపోయేవాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు, వాళ్ళకి మాత్రం ఏ పేరూ రాలేదు.

నవ్వుతూ రాస్తున్నాను గాని, అప్పుడు నాకు చాలా భయంగా ఉండేది. గొంతు పోతే నా ఉద్యోగం పోతుంది. ఉద్యోగం సంగతి అటుంచినా, గొంతు లేని సుగుణమ్మ అంటే ఎవరో నాకే తెలియదు.

స్త్రీల సమాజం వాళ్ళు నా కోసం ఒక శనివారం ఉపవాస ప్రార్థన పెట్టారు. రోజంతా చర్చిలో చాప మీద గోడకి చేరగిలబడి కూర్చున్నాను. తిండి లేదు గనక నమిలే పని లేదు, మిగతావాళ్ళు ప్రార్థిస్తున్నారు గనక మాట్లాడే పని లేదు. సాయంత్రానికి రెప్ప లేచింది! గొంతు గంటలా మోగింది! అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. మర్నాడు ఆరాధనలో సాక్ష్యం చెప్పమన్నారు. పట్టుచీర కట్టుకుని వెళ్ళాను.

"ప్రభువు నన్ను సంపూర్ణముగా స్వస్థపరచియున్నాడు" అని మొదలుపెట్టాను. బ్రహ్మాండంగా వచ్చింది. ఆ ఊపులో జబ్బు పుట్టుపూర్వోత్తరాలన్నీ ఎత్తుకున్నాను. కాసేపటికి మాట ముక్కులోకి జారింది. ఆపలేదు. మాటలు ముద్దముద్దగా అయిపోయాయి. దవడ వేలాడిపోతూంటే గడ్డం కింద చెయ్యి పెట్టి ఎత్తిపట్టుకుని మరీ సాక్ష్యం చెప్పాను. స్వస్థత అనే మాట ఇంకోసారి అనబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. ముందు వరసలో ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. మా ఆయన మగవాళ్ళ వైపు నుంచి లేచి వచ్చి నన్ను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. అంత సిగ్గు నేను పుట్టి ఎరగను.

ఆరాధన అయ్యాక, హాస్టలు అమ్మాయిల్ని తీసుకుని మా చర్చికి అప్పుడప్పుడు వచ్చే డాక్టరమ్మ ఒకావిడ నా దగ్గరికి వచ్చి పక్కన కూర్చుంది. మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్తారావిడ. "కాసేపు ఊరుకుని, తర్వాత ఒకటి నుంచి గట్టిగా లెక్కపెట్టండమ్మా" అంది. అంకెలు పలకడమే నా వృత్తి. ఇరవై దాటేసరికి మళ్ళీ ముక్కు. ఆవిడ తల ఊపి, "రేపు ఆస్పత్రికి రండి, ఒక టెస్టు చేస్తాను" అంది.

ఆ టెస్టు నియోస్టిగ్మిన్ ఇంజక్షన్. వేశాక నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి అద్దం చేతికిచ్చారు. చూస్తూండగా నా రెప్ప మెల్లగా లేచింది. డాక్టరమ్మ చుట్టూ ఉన్న స్టూడెంట్లకి "మయస్థీనియా గ్రేవిస్" అని చెప్పి, నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది: "నరాలు చెప్పే మాట కండరాలకి అందడం లేదు. వాడేకొద్దీ బలం అయిపోతుంది. విశ్రాంతి ఇస్తే కొంచెం తిరిగొస్తుంది. శనివారం రోజంతా మీరు కదలకుండా కూర్చున్నారు, అందుకే సాయంత్రానికి బాగున్నారు."

"అయితే దేవుడు చెయ్యలేదా?" అని అడిగాను. గొంతు మళ్ళీ వచ్చింది గదా, రోషంగానే అడిగాను.

"అది చెప్పడానికి నేనెవర్ని? మీరు నిన్న అలా నిలబడి మాట్లాడకపోతే మాత్రం నేను కనిపెట్టేదాన్ని కాను" అంది.

జబ్బు పూర్తిగా పోదని, మాత్రలతో నడిపించుకోవచ్చని చెప్పింది. మాత్ర బలం మూడు నాలుగు గంటలు. తర్వాత ఇంకోటి. "ఒక్కసారే రెండు మూడు వేసుకుంటే రోజంతా వస్తుందా?" అన్నాను. "అలా చేస్తే ఇంకా నీరసం వస్తుంది. దాచుకునే బలం కాదమ్మా ఇది" అంది. బలం అలా పూటపూటకీ అడుక్కోవడం నాకు బొత్తిగా నచ్చలేదు.

అయినా అలవాటు పడ్డాను. మాత్రలకి కడుపులో మెలిపెట్టేది, నోట్లో నీళ్ళూరేవి. పొద్దుటి డ్యూటీలు వేయించుకుని నెట్టుకొస్తున్నాను. ఎవరైనా సంచీ అందుకోబోతే "ఏం ఫరవాలేదు" అని లాక్కునేదాన్ని. ఆ ఏడు వానల్లో జ్వరం పట్టుకుంది. ఛాతీలో కఫం చేరింది. దగ్గే బలం లేదు. మంచినీళ్ళు మింగబోతే ముక్కులోంచి వచ్చేశాయి. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఊపిరి పైపైనే ఆడుతోంది. "క్రైసిస్" అన్న మాట ఒక్కటే విన్నాను.

గొంతులో గొట్టం వేశారు. అప్పట్లో వెంటిలేటరంటే ఎక్కడో గాని ఉండేది కాదు. గొట్టానికి ఒక రబ్బరు సంచీ తగిలించి చేత్తో నొక్కుతారు. నొక్కితే నాకు ఊపిరి, లేకపోతే లేదు. మొదట స్టూడెంట్లు నొక్కారు. తర్వాత హౌస్ సర్జను మావాళ్ళకి నేర్పించాడు. "ఛాతీ లేస్తోందా లేదా చూసుకుంటూ నొక్కండి. కంగారుపడొద్దు" అన్నాడు.

మా ఆయనతో పనిచేసే క్రేనువాళ్ళు షిఫ్టు దిగి, జుట్టులో ఇనప ఖనిజం ఎర్రదుమ్ముతో అలాగే వచ్చేసేవారు. "లే బావా, నువ్ ఎల్లి టీ తాగిరా, నాను నొక్కుతాను" అని ఒకరి చేతిలోంచి ఒకరు అందుకునేవారు. వాళ్ళలో సగంమందికి నేను ఏ రోజూ మంచినీళ్ళైనా ఇవ్వలేదు. నాకు తెలివి బాగానే ఉంది. అన్నీ వినిపిస్తున్నాయి. చెయ్యి కదలదు, కళ్ళు పూర్తిగా తెరుచుకోవు, మాట సంగతి సరేసరి. ఎవరు నొక్కుతున్నారో ఊపిరిని బట్టి తెలిసేది. మా ఆయనది భయంభయంగా వచ్చే ఊపిరి. అందరికంటే నిదానంగా, ఒకే తీరుగా వచ్చేది మా అత్తయ్య చేతిలోంచి. గేదె పాలు పితికిన చెయ్యి గదా, తొందర తెలియదు.

ఒక మధ్యాహ్నం అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. మంచి ప్రార్థనే, నేను చేసే లాంటిదే. ఆయన వెళ్ళాక అత్తయ్య సంచీ నొక్కుతూనే, "అయ్యగారెల్లిపోనారు. నీకా నోరు లేదు. ఇంక నానే అడగాల" అంది. తర్వాత పక్క మంచం వాళ్ళతో మాట్లాడినంత మామూలుగా మొదలుపెట్టింది.

"అయ్యా, నాకు నీ బాస రాదు. ఈ పిల్లకి బాగా వొచ్చు, ఇన్నాల్లూ దీని మాటే ఇన్నావు. ఇప్పుడు దీని నోరు పడిపోనాది. దీని ఊపిరి తెచ్చి నా సేతిలో ఎట్టినావు. నా సెయ్యి నొప్పెడతన్నాదయ్యా. సాయంత్రం దాకా ఈ సెయ్యి ఆగిపోకుండా సూడు. రేపటికి మల్లీ అడుగుతాను."

అంతే. ఆమెన్ అనడం కూడా మర్చిపోయింది. నా కళ్ళ చివర్నించి నీళ్ళు చెవుల్లోకి కారిపోయాయి. అన్నేళ్ళ నా ప్రార్థనల్లో సాయంత్రం దాకా అని నేను ఎప్పుడూ అడగలేదు. చేతిలో ఏమీ లేనివాళ్ళు అడిగే మాట అది. నాకు ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది, ముఖ్యంగా నా గొంతు. ఆ మంచం మీద నా సొంతమనుకోడానికి ఊపిరి కూడా లేదు. ఆశ్చర్యమేమిటంటే, అలా తెలిశాక భయం తగ్గింది. ఎవరి చేతిలో ఉన్నానో తెలిసింది, ఆ చెయ్యి వెనక ఎవరున్నారో కూడా తెలిసింది. నేను ఆమెన్ అన్నాను, లోపలే. అత్తయ్య నా కన్నీళ్ళు చూసి, "ఏడవకే, ముక్కు కారితే మల్లీ ఆ నర్సమ్మని పిలవాల" అని కొంగుతో తుడిచింది.

ఊపిరి కొంచెం కొంచెంగా నా దగ్గరికి తిరిగొచ్చింది. గొట్టం తీశారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. వాటికి ముఖం గుమ్మడికాయలా ఉబ్బి, ఎక్స్ఛేంజికి వెళ్తే గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టలేదు. బోర్డు మీద మాత్రం మళ్ళీ కూర్చోనివ్వలేదు. కాల్ వివరాలు రాసిన టికెట్లు సర్దే సీటు ఇచ్చారు, నోటితో పనిలేని సీటు. మొదటి రోజు బాత్‌రూములోకి వెళ్ళి ఏడ్చాను. అది నాకు నిజంగా నష్టమే, దాన్ని వరం అని చెప్పలేను.

ఇప్పటికి చాలా ఏళ్ళు గడిచాయి. స్టీల్ ప్లాంటు కట్టడం ఇంకా సాగుతూనే ఉంది, నేనూ అలాగే సాగుతున్నాను. మధ్యలో రెండోసారి ఆస్పత్రిలో పడ్డాను గాని గొట్టం దాకా వెళ్ళలేదు. పొద్దున్న మాత్ర వేసుకున్నాక వంట చేస్తాను, ఆఫీసుకెళ్తాను, మధ్యాహ్నం కాసేపు బల్ల మీద తల వాలుస్తాను. చర్చిలో అయ్యగారు ఇప్పుడు అత్తయ్యని కూడా లేపుతారు. ఆవిడ తన భాషలోనే అడుగుతుంది. మొదట్లో కొందరు నవ్వారు. ఇప్పుడు పిల్లల జ్వరాలకీ, పడవ మీద వెళ్ళిన మొగుళ్ళకీ జనం ఆవిడ దగ్గరికే వస్తున్నారు.

ఇలాంటి జబ్బుతో ఉన్నవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటుంది. ఎవరైనా సాయానికి వస్తే "ఏం ఫరవాలేదు" అనకండి. మాట బలంగా ఉన్నప్పుడే, మీకేం కావాలో చిన్నదైనా సరే ఒకటి చెప్పండి: నీళ్ళు పట్టమనండి, బియ్యం ఏరమనండి, బస్సులో పక్కన కూర్చోమనండి. అడగడం రోజూ చెయ్యాలి. ఒక రోజు అడిగింది ఇంకో రోజుకి సరిపోదు.

నిన్న నేను ఆఫీసు నుంచి బాగా అలిసిపోయి వచ్చాను. కంచాల ముందు కూర్చున్నాం. ప్రార్థన వంతు నాది. "అయ్యా" అన్నాను, అక్కడితో గొంతు అయిపోయింది. మా ఆయనా, అత్తయ్యా కళ్ళు మూసుకునే ఉన్నారు. నేను ఇంకో మాట కోసం తంటాలు పడుతూంటే అత్తయ్య ఒక కన్ను తెరిచి, నా వైపు నీళ్ళ గ్లాసు జరిపింది.

"ఆమెన్" అంది. "ఇన్నాడులే. మాత్ర ఏసుకో."